గడప దాటేది ఎవరి కోసం?

మొన్న మే నెలలో ఓ ఆదివారం. ఎల్బీనగర్‌లో మా అక్కావాళ్ల అపార్ట్‌మెంట్. పొద్దున ఆరింటి నుంచీ అందరి చెవులూ వీధి మలుపు వైపే ఉన్నాయి. బోరు ఎండిపోయి వారమైంది. సంపులో నీళ్లు అడుగంటాయి. ఎనిమిదింటికల్లా వస్తుందన్న ట్యాంకర్ పదకొండైనా జాడ లేదు. వంటింట్లో అంట్లు పేరుకుపోయాయి. బాల్కనీలో ఖాళీ బిందెలు వరసగా నిలబడ్డాయి.

ఈ హడావుడి ఏదీ పట్టనివాడు ఇంట్లో ఒక్కడే. మా మేనల్లుడు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ రాసేసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ పరీక్షను ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు గానీ, మా అక్క నోట ఇంకా ఎంసెట్టే. వాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఆట ఆడుతున్నాడు. తెర నిండా కూలిన మేడలు, తుప్పు పట్టిన కార్లు, మనిషన్నవాడు లేని వీధులు.

‘‘చూడు తమ్మీ, పొద్దుగాల లేస్తే ఇదే. ఊరంతా కూలిపోయి ఉంటది, వీడు అండ్ల తిరుగుతుంటడు. ఇదేం ఆటరా అంటే కథ ఉందమ్మా అంటడు’’ అంది అక్క.

నేను వాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వాడు తల తిప్పకుండానే అన్నాడు... ‘‘మామా, ఇందులో కూడా నీళ్లు అయిపోయినయి!’’

ఆ ఒక్క మాటతో నాకు ఆసక్తి పుట్టింది. పైగా ఆ ఆట నాకు కొత్తది కాదు. మీ ఇంట్లోనూ ఇలాంటి ఆటలాడే పిల్లలుంటే, ఈ వారం ముచ్చట మీ కోసమే.

150 రోజుల గడువు

ఆ ఆట పేరు ‘ఫాలౌట్’. అణుబాంబు పేలాక గాల్లోంచి నేలకు రాలే విషధూళిని ఫాలౌట్ అంటారు. 1997లో అమెరికాలోని ఇంటర్‌ప్లే సంస్థ దీన్ని తెచ్చింది. టిమ్ కేన్ అనే ఆయన దీని వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు. ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. అంటే మనమే ఒక పాత్రలోకి దూరి, ఎవరితో ఏం మాట్లాడాలో, ఏ దారిన పోవాలో ఎంచుకుంటూ కథ నడిపించాలి. వీధి నాటకంలో వేషం కట్టడం లాంటిదే. కాకపోతే ఇక్కడ సంభాషణలు ఎంచుకునేది కూడా మనమే.

సినిమాకు టైటిల్స్ ఎంత ముఖ్యమో, ఇలాంటి ఆటకు మొదటి పది నిమిషాలు అంత ముఖ్యం. ఫాలౌట్ మొదట్లో పాడుబడ్డ గదిలో ఒక పాత టీవీ కనిపిస్తుంది. నేపథ్యంలో ఇంక్ స్పాట్స్ బృందం పాడిన పాతకాలపు ప్రేమపాట. టీవీలో కార్ల ప్రకటన, ఇళ్ల ప్రకటన. మధ్యలో సైనికులు ఒక బందీని కాల్చి చంపి, కెమెరాకు చెయ్యి ఊపుతారు. అప్పుడు దృశ్యం మెల్లగా వెనక్కి జరుగుతుంది. ఆ టీవీ ఉన్న గదికి గోడ లేదు. గోడ అవతల నగరం లేదు. పాట మాత్రం సాగుతూనే ఉంటుంది. తర్వాత నటుడు రాన్ పెర్ల్‌మన్ బొంగురు గొంతు, మనిషికి యుద్ధం ఎన్నటికీ వదలని జబ్బని చెబుతుంది.

ఇంత భారీగా మొదలుపెట్టి, మనకు అప్పగించే పని ఏమిటో తెలుసా? రాజ్యాన్ని గెలవమని కాదు. రాక్షసుణ్ని చంపమనీ కాదు. నీళ్ల యంత్రానికి స్పేర్ పార్టు తెమ్మని!

బాంబులు పడ్డ రోజు కొందరు భూగర్భంలో కట్టిన పెద్ద శరణాలయాల్లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. వాటిని వాల్ట్‌లంటారు. 13వ నంబరు వాల్ట్‌లో నీళ్లు శుద్ధి చేసే యంత్రంలో ఒక చిప్ కాలిపోయింది. అక్కడి పెద్ద, అంటే ఓవర్‌సీర్, మనల్ని పిలిచి ‘‘150 రోజుల్లో కొత్తది తేకపోతే లోపలున్నవాళ్లంతా చచ్చిపోతారు’’ అని బయటికి పంపిస్తాడు. తలుపు దాటగానే గుహలో ఒక అస్థిపంజరం పడి ఉంటుంది. మనకంటే ముందు ఇదే తలుపు దాటినవాడిది. చుట్టూ ఎలుకలు.

ఆటలో ఇంకో వెసులుబాటు ఉంది. హబ్ అనే వ్యాపార పట్టణానికి చేరుకుంటే, అక్కడ నీళ్ల వ్యాపారులుంటారు. డబ్బు కడితే వాల్ట్‌కు నీళ్ల బండ్లు పంపుతారు. గడువు ఇంకో 100 రోజులు పెరుగుతుంది. మావాడు ఆ సమయంలో సరిగ్గా ఆ బేరం దగ్గరే ఉన్నాడు.

‘‘మీ అమ్మ కూడా పొద్దున్నుంచి ఆ బేరమే ఆడుతోంది’’ అన్నాను. వాడు నవ్వాడు. అక్క నవ్వలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ట్యాంకర్ డ్రైవర్ ఎత్తుతాడేమోనని చూస్తోంది.

రెండు తలల ఆవు

నీళ్ల చిప్ తెచ్చి, ఆ తర్వాత వచ్చిన పెద్ద ప్రమాదాన్నీ తప్పించి ఇంటికొచ్చిన మనిషిని ఆ వాల్ట్ పెద్ద లోపలికి రానివ్వడు. ‘‘నిన్ను చూసి పిల్లలంతా బయటికి పోతానంటారు’’ అంటాడు. నీళ్లు తెచ్చినవాడే ఊరికి పరాయివాడవుతాడు. రెండో ఆట ఆ దుఃఖం మీదే కట్టారు.

1998లో వచ్చిన ‘ఫాలౌట్ 2’లో ఆ వెలివేతకు గురైన మనిషి ఎక్కడో ఒక కుగ్రామాన్ని స్థాపించి ఉంటాడు. మనం అతని మనవడు, లేదా మనవరాలు. ఊరు కరువులో ఉంది. ఊరి పెద్దావిడ మనల్ని పిలిచి, బీడును పచ్చగా మార్చే పాతకాలపు పెట్టె ఒకటుంది, వెతికి తెమ్మంటుంది. అయితే ఈ ఆట మనల్ని నేరుగా గడప దాటనివ్వదు. ముందు ఒక గుడిలో పరీక్షలు పెడుతుంది. చీమలతో, తేళ్లతో పోరాడి, తాళాలు తీసి, చివరికి మనవాళ్లలోనే ఒకడిని ఒప్పించో ఓడించో బయటపడాలి. నా మట్టుకు నాకు ఈ ప్రారంభం కాస్త విసుగే. ఊళ్లో కరువంటూనే పరీక్షలేమిటి అనిపిస్తుంది. మావాడిదీ అదే మాట... ‘‘ఎంట్రన్స్ లేకుండా ఎవ్వరూ దేంట్లకీ రానియ్యరు మామా.’’

ఈ ఆటల్లో మన దేశం దాకా వచ్చిన వివాదం ఒకటుంది. అణుధూళి వల్ల అక్కడి ఆవులకు రెండేసి తలలు పుడతాయి. వాటికి పెట్టిన పేరు ‘బ్రామిన్’. 2008 అక్టోబరులో ‘ఫాలౌట్ 3’ విడుదలకు ముందు మైక్రోసాఫ్ట్ సంస్థ, తన ఎక్స్‌బాక్స్ 360 మీద ఆ ఆటను భారతదేశంలో విడుదల చేయబోమని ప్రకటించింది. సాంస్కృతిక సున్నితత్వాన్ని కారణంగా చూపింది. ఏ భాగం ఇబ్బందో మాత్రం చెప్పలేదు. ఆ ఆవుల పేరే కారణమై ఉంటుందని ఆటగాళ్లు అనుకున్నారు.

అమెరికాలో ‘బ్రామన్’ అనే పశుజాతి నిజంగానే ఉంది. మన దేశం నుంచి వెళ్లిన జాతులను కలిపి అక్కడ దాన్ని పెంచారు. గిర్, గుజరాత్ జాతులతో పాటు అందులో ‘నెల్లూరు’ జాతి కూడా ఉంది. వాళ్లు నెల్లూరు అనేది మన ఒంగోలు జాతినే. ఎండకు, కరువుకు తట్టుకునే పశువు కాబట్టే అక్కడివాళ్లు అంత మక్కువ పడ్డారు. లోకం అంతమయ్యాక కూడా బతికే ఆవు ఏదని ఊహించబోయి, ఆ ఆట తయారుచేసినవాళ్లు తెలిసో తెలియకో మన ఒంగోలు గిత్తల చుట్టరికాన్ని పట్టుకున్నారు.

నాలుగు జవాబులూ ఒకటే

ఇక ‘ఫాలౌట్ 3’. దీని గురించి చెప్పాలంటే ఎల్బీనగర్ నుంచి మెట్రోలో మూడు స్టేషన్లు వెనక్కి, 16 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

2009లో మెట్రో లేదు. ఎల్బీనగర్ దాకా రైలొచ్చింది 2018 సెప్టెంబరులో. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ అంటే రోడ్డుకు రెండువైపులా కోచింగ్ సెంటర్ల బోర్డులు, సందుల్లో హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, ఇడ్లీ బండ్లు. మొదటిసారి ర్యాంకు రానివాళ్లంతా లాంగ్‌టర్మ్ కోచింగ్ పేరుతో అక్కడికి చేరేవాళ్లం. నేనూ ఒకణ్ని. చైతన్యపురిలో ఒక స్నేహితుడి గదిలో అసెంబుల్డ్ కంప్యూటర్ ఉండేది. ఆదివారం పరీక్ష అయిపోగానే నలుగురం అక్కడ చేరేవాళ్లం. అక్కడే ఈ ఆట చూశాను.

బెథెస్డా సంస్థ చేసిన ఈ మూడో ఆట బాంబులతో మొదలవదు. పురుడుతో మొదలవుతుంది. కళ్లు తెరవగానే వైద్యుడి వేషంలో నాన్న కనిపిస్తాడు. ఆ గొంతు ప్రసిద్ధ నటుడు లియామ్ నీసన్‌ది. అదే గదిలో అమ్మ చనిపోతుంది. తర్వాత మనకు ఏడాది వయసు. తప్పటడుగులతో నాన్న దగ్గరికి నడవాలి. గోడ మీద పటం కట్టించి పెట్టిన బైబిలు వాక్యం ఒకటుంది. అది అమ్మకు ఇష్టమైనదని నాన్న చెబుతాడు. జీవజలం గురించిన వాక్యం. అప్పుడది మనకు పట్టదు. ఆ నాన్న జీవితమంతా దాని చుట్టూనే తిరిగిందని చాలాసేపటికి గాని తెలియదు.

పదో ఏట పుట్టినరోజు పండుగ. కేకు కోయబోయిన రోబో రంపంతో దాన్ని తుక్కు తుక్కు చేస్తుంది. పదహారో ఏట పరీక్ష. దాని పేరు గోట్. అందులో ఏం రాస్తే జీవితమంతా అదే పని. పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగేసి జవాబులు. చివరి ప్రశ్న ఏమిటంటే, ఈ వాల్ట్‌లో అందరికన్నా ముఖ్యమైన మనిషి ఎవరు అని. జవాబులు నాలుగూ చూస్తే... ఎ: ఓవర్‌సీర్. బి: ఓవర్‌సీర్. సి: ఓవర్‌సీర్. డి: ఓవర్‌సీర్!

ఆ తెర చూసి మేం నలుగురం ఎంత నవ్వామో! కింద గదివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. నవ్వు ఆగాక ఎవరూ మాట్లాడలేదు. పొద్దున్నే మేం రాసొచ్చిన పేపర్ గుర్తొచ్చింది. మా జీవితంలోనూ ఆప్షన్లు నాలుగే. నాలుగింటిలోనూ ఇంజినీరింగే.

తమాషా ఏమిటంటే, ఆ ఆటలో పరీక్ష పెట్టే మాస్టారు మంచివాడు. వచ్చిన ఫలితం నచ్చకపోతే మార్చుకోనిస్తాడు. అసలు రాయను మహాప్రభో అన్నా సరే, నీకేం కావాలో చెప్పు, నేను నింపుకుంటానంటాడు. అలాంటి మాస్టారు దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు దొరకలేదు.

పంతొమ్మిదో ఏట ఒక రోజు స్నేహితురాలు వచ్చి నిద్రలేపుతుంది. మీ నాన్న వాల్ట్ తలుపు తీసుకుని వెళ్లిపోయాడంటుంది. మాట మాత్రంగా చెప్పకుండా. ఆయన వెనకే మనమూ బయటపడాలి. గుహ చివర చెక్క తలుపు తోస్తే కళ్లు చెదిరే వెలుగు. చూపు కుదుటపడ్డాక కనుచూపు మేర బూడిదరంగు నేల. ఈ మొత్తం దాదాపు గంట పడుతుంది. ‘‘ఇంకా ఆట మొదలే కాలేదా?’’ అని మావాళ్లలో ఒకడు విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ గంట చాలా విలువైనదనిపించింది. ఎవరి కోసం వెళ్తున్నానో తెలిసి వెళ్లాను.

పది లీటర్ల క్యాన్

ఆ ఆటలో నాన్న చెప్పకుండా వెళ్లిపోయాడు. మా నాయిన మాత్రం చెప్పకుండా వచ్చేవాడు.

మాది నల్గొండ జిల్లా మునుగోడు వైపు పల్లె. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. పళ్లకు గార, నలభై దాటితే వంగిన నడుము. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగ్‌పుర్‌లోని నీరి శాస్త్రవేత్తలు కనిపెడితే, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరొచ్చింది. జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలియడం మాకేం గొప్ప కాదు.

నాయిన నెలకు రెండు ఆదివారాలు మాల్ మీదుగా వచ్చే బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగేవాడు. ఒక చేతిలో నాకు సద్దిమూట, ఇంకో చేతిలో పది లీటర్ల ఖాళీ క్యాన్. వెళ్లేటప్పుడు మా హాస్టల్ నల్లా దగ్గర క్యాన్ నింపుకునేవాడు. అది కృష్ణా నీరు. 2004లో మొదటి దశ, 2008లో రెండో దశ పథకాలతో నాగార్జునసాగర్ జలాలు హైదరాబాద్‌కు వచ్చాయి. ఆ పైపులు వచ్చింది మా జిల్లా మీదుగానే. నాయిన బస్సు తిరిగి వెళ్లేదీ అదే సాగర్ రోడ్డు వెంట. జిల్లా దాటి పట్నానికి వచ్చిన నీళ్లను, పట్నం నుంచి జిల్లాకు చేతి మీద మోసుకెళ్లేవాడాయన. కాళ్లు వంకర పోయిన మా నాయనమ్మ కోసం. డాక్టరు ఆమెకు మంచినీళ్లు తాగించమన్నాడు మరి.

ఆ ఏడాదీ నాకు ర్యాంకు రాలేదు. ఫలితాలొచ్చిన మర్నాడు, ఆదివారం కాకపోయినా నాయిన వచ్చాడు. నేను మెట్ల మీద తలొంచుకుని కూర్చున్నాను. కొంచెంసేపు నా పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి, ‘‘నల్లా వస్తుందా?’’ అన్నాడు. వస్తోందన్నాను. ‘‘దా, క్యాన్ పట్టు’’ అన్నాడు. ఇద్దరం నింపాం. ఎల్బీనగర్ దాకా క్యాన్ నేనే మోశాను. బస్సు ఎక్కుతూ ఆయనన్నది ఒక్కటే మాట... ‘‘నీకేం చదవాలని ఉందో అది చెప్పు. మెల్లగ చెప్పు, తొందరేం లేదు.’’

ఆ మంచి మాస్టారు నాకూ దొరికాడు. కాకపోతే దిల్‌సుఖ్‌నగర్‌లో కాదు, ఎల్బీనగర్ బస్టాపులో. డిగ్రీ చదివి జర్నలిజం డిప్లొమా చేస్తానని ఆర్నెల్ల తర్వాత చెప్పాను.

చిన్న దుఃఖం, పెద్ద శిథిలం

తర్వాత వచ్చిన ఆటలన్నీ ఈ కొలతతోనే చూస్తుంటాను. శిథిలాలు ఎంత బాగా గీశారన్నది కాదు. గడప దాటేది ఎవరి కోసం అన్నదే కొలత.

2010లో అబ్సిడియన్ సంస్థ చేసిన ‘ఫాలౌట్: న్యూ వేగాస్’లో మనం పార్సిళ్లు చేరవేసే కొరియర్. చేతులు కట్టేసి, శ్మశానంలో గొయ్యి తవ్వి, నెత్తిన తుపాకీ పేల్చి పూడ్చిపెడతారు. కళ్లు తెరిస్తే ఒక పల్లెటూరి ముసలి డాక్టరు ఇల్లు. నీ పేరేమిటని అడుగుతాడు, సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోందంటాడు. తర్వాత ఊళ్లో ఓ అమ్మాయి తుపాకీ పట్టడం నేర్పుతుంది. ఎక్కడ నేర్పుతుందో ఊహించండి... ఊరి నీటి ఊటల దగ్గర, అక్కడ చేరిన బల్లుల్ని తరుముతూ! ఆ ప్రారంభంలో మనకు ఎవరూ లేరు. నాన్న లేడు, ఊరు లేదు. వెళ్లేది మన పగ కోసమే. హాయిగా ఉంటుంది. కానీ ఆ ఊరిని వదిలి వెళ్తున్నప్పుడు వెనక్కి తిరిగి చూడాలనిపించదు.

2015లో వచ్చిన ‘ఫాలౌట్ 4’ బాంబులు పడక ముందు రోజుల్ని చూపిస్తుంది. శనివారం ఉదయం. బాత్‌రూమ్ అద్దం ముందు భార్యాభర్తలు. వంటింట్లో పనిచేసే రోబో, ఉయ్యాల్లో పసివాడు. ఇంతలో టీవీలో వార్త. పరుగు. కొండ మీద నిలబడి ఉండగా దూరంగా తెల్లటి వెలుగు. వాల్ట్‌లో మంచులో గడ్డకట్టించి నిద్రపుచ్చుతారు. మధ్యలో ఎవరో వచ్చి, ఎదురు తిరిగిన జీవిత భాగస్వామిని చంపి బిడ్డను ఎత్తుకుపోతారు. బాంబు పడిన 210 ఏళ్లకు బయటికొస్తే, కూలిన ఇంటి ముందు ఆ రోబో ఇంకా ఎదురుచూస్తూ ఉంటుంది. ఆలోచన గొప్పదే. కానీ ఆ బిడ్డతో మనం గడిపేది కొద్ది నిమిషాలే. ఉయ్యాల ఊపినంతసేపు కూడా కాదు. బిడ్డ కోసం వెతుకుతున్నామని ఆట పదే పదే గుర్తుచేయాల్సి వస్తుంది. నాకైతే బిడ్డ కన్నా ఆ రోబోను చూస్తేనే కడుపు తరుక్కుపోయింది.

2014లో బ్రయన్ ఫార్గో నాయకత్వంలో ఇన్‌ఎగ్జైల్ సంస్థ తెచ్చిన ‘వేస్ట్‌ల్యాండ్ 2’ దారి వేరు. 1988 నాటి ‘వేస్ట్‌ల్యాండ్’కు అది కొనసాగింపు. ఫాలౌట్‌కు స్ఫూర్తినిచ్చిందీ ఆ పాత ఆటే. రెండోది అంత్యక్రియలతో మొదలవుతుంది. తోటి రేంజర్‌ను పాతిపెడుతూ, అతన్ని చంపిందెవరో తేల్చమని మనల్ని పంపుతారు. దారిలో రేడియోలో రెండు చోట్ల నుంచి ఒకేసారి ఆర్తనాదాలు. ఒకటి పంటలు పండించే కేంద్రం, రెండోది నీళ్లిచ్చే ఊరు. ఒకదానికే వెళ్లగలం. మనం ఒకచోట కాపాడుతుంటే, రెండో చోటివాళ్లు చచ్చిపోవడం రేడియోలో వింటూ ఉండాలి. అన్నమా, నీళ్లా? పదిహేనేళ్ల పిల్లాడికైనా తలపండిన అధికారికైనా చెమటలు పట్టించే ప్రశ్న అది.

మీరు గమనించే ఉంటారు. చిప్, ఊట, పటంలో వాక్యం, నీళ్లిచ్చే ఊరు. లోకం అంతమయ్యాక ఏం జరుగుతుందని అమెరికాలో ఎవరు ఊహించినా, తిరిగి తిరిగి నీళ్ల బిందె దగ్గరికే వస్తున్నారు.

మన యుగాంతం

మన పురాణాల్లో ఇది తలకిందులు. ప్రళయమంటే మనకు నీళ్లు లేకపోవడం కాదు, నీళ్లు ముంచెత్తడం. మత్స్యావతారం కథలో నావ ఎందుకు కావలసి వచ్చిందో చిన్నపిల్లలకీ తెలుసు. హైదరాబాద్‌కు ఆ ప్రళయం 1908 సెప్టెంబరు 28న వచ్చింది. మూసీ పొంగి నగరాన్ని తుడిచిపెట్టింది. అలాంటిది మళ్లీ జరక్కూడదని కట్టినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వరదకు అడ్డుగా కట్టినవి తర్వాత నగరం దాహం తీర్చాయి.

మా తూర్పు హైదరాబాద్ వాళ్లకు రెండు యుగాంతాలూ తెలుసు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఫ్రిజ్‌లు తేలాయి. వేసవి వస్తే అవే కాలనీల్లో ట్యాంకర్ కోసం క్యూ.

తెలుగు సినిమా కూడా ఈ దారిలోకి వచ్చింది. 2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ అచ్చం ఇలాంటి ఆటలా ఉందని పిల్లలన్నారు. గంగ ఎండిపోయింది. మిగిలిన చివరి నగరం కాశీ. ఉన్న వనరులన్నీ పైన వేలాడే కాంప్లెక్స్‌లో ఉన్నాయి. ప్రభాస్ పాత్ర యూనిట్లు కూడబెట్టుకుని అందులోకి చేరాలని చూస్తుంది. కానీ ఆ సినిమా మొదలయ్యేది కాశీలో కాదు, కురుక్షేత్రంలో. ఉత్తర గర్భంలోని శిశువు మీద అస్త్రం వేసిన అశ్వత్థామను కృష్ణుడు శపిస్తాడు. ఆ పాపాన్ని కడుక్కునే అవకాశం వేల ఏళ్ల తర్వాత ఇంకో గర్భస్థ శిశువును కాపాడటంలో ఉంటుంది. అమెరికా ఆటల్లో మనిషి బాంబు పడిన మర్నాటి నుంచి లెక్క మొదలుపెడతాడు. మన కథలో పాత అప్పు తీర్చడానికి బయల్దేరతాడు. గడప దాటేది ఎవరి కోసం అంటే, ఇంకా పుట్టని బిడ్డ కోసం. ఈ ఒక్క విషయంలో మన ప్రారంభం వాళ్లందరి కన్నా ఒక మెట్టు పైనే ఉందని నా అభిప్రాయం.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ఆటల్లో రక్తపాతం, బూతులు ఎక్కువ. ఫాలౌట్ వరస పెద్దవాళ్ల కోసం చేసిందే. చిన్నపిల్లల చేతికి ఇవ్వదగ్గవి కావు. మావాడికి పద్దెనిమిది నిండాయి కాబట్టి సరే అన్నాను. పెద్ద పిల్లలు ఆడుతుంటే మాత్రం ఆట ఆపెయ్యమని అరిచే ముందు, పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడిగి చూడండి... ‘‘ఇందులో నువ్వు ఎవరి కోసం పోతున్నవ్?’’ అని. వాళ్లు చెప్పే జవాబులో వాళ్ల గురించే మీకు తెలియనిది ఏదో ఒకటి ఉంటుంది.

నేనూ అడిగాను. మావాడు ఆట ఆపి కాసేపు ఆలోచించాడు. ‘‘లోపలున్నోళ్ల కోసం మామా. కానీ తెచ్చినంక కూడా వాళ్లు రానియ్యరని నువ్వే చెప్పినవ్ కదా’’ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ‘‘ర్యాంకు రాకపోతే అమ్మ ఏమంటది?’’ అన్నాడు.

పొద్దున్నుంచీ వాడు ఆ కూలిన వీధుల్లో ఏం వెతుకుతున్నాడో అప్పుడర్థమైంది. మెట్ల మీద కూర్చున్న సంగతి, క్యాన్ సంగతి వాడికి చెప్పాను. వంటింటి గుమ్మంలో మా అక్క ఎప్పుడొచ్చి నిలబడిందో నేను చూడలేదు. ‘‘ఏమంట? ఏమనను. మీ తాత నన్ను, వీణ్ణి ఒక్క మాటన్నడా?’’ అంది.

అప్పుడే వీధి మలుపులో హారన్ మోగింది. వాడు ఆటను సేవ్ చేసి, చెప్పులేసుకునే తీరిక లేకుండా పైపు పట్టడానికి కిందికి పరిగెత్తాడు.

సాయంత్రం ఊరికి ఫోన్ చేశాను. మా ఇంటికిప్పుడు మిషన్ భగీరథ నల్లా ఉంది. నాయనమ్మ మాత్రం ఆ నల్లా చూడకుండానే పోయింది.

‘‘నల్లా వచ్చిందా నాయినా?’’ అన్నాను.

‘‘పొద్దున్నే వచ్చింది. మీకు?’’

‘‘లేదు. అక్కోళ్ల బోరు ఎండింది. ట్యాంకర్ తెప్పిచ్చినం.’’

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత నాయిన నెమ్మదిగా అన్నాడు... ‘‘ఆ పాత క్యాన్ ఇంకా అటక మీదనే ఉన్నది. నింపుకొని రావాల్నా?’’